వరద తీసింది, భయం తీయలేదు

2021 నవంబరు 21, ఆదివారం. తిరుపతికి దగ్గరలో, రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరుతోందన్న వార్త ఊరూరా పాకింది. కట్ట తెగితే దిగువనున్న పల్లెలు మిగలవని అందరికీ తెలుసు. అధికారులు ఆ గ్రామాలను ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలు వేసి, నీటిని కొంచెం కొంచెంగా బయటికి వదిలి చివరికి కట్టను నిలబెట్టారు. గండి పడలేదు. పెద్ద గండం తప్పిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం, దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాం.

కట్ట నిలిచింది కాబట్టి ఆ పల్లెల్లో నష్టం లేనట్టే లెక్క. కానీ ఖాళీ చేయమన్న మాట చెవిన పడ్డప్పుడు మంచం దిగలేని మనిషి ఏమనుకొని ఉంటాడు? ఆ మనిషిని వదిలి పోలేక, మోసుకుపోయే బలమూ లేక పక్కనే కూర్చున్న భార్య మనసులో ఏం జరిగి ఉంటుంది? రాని వరద కూడా వారి మీద నుంచి పారే పోయింది. ఆ సంగతి మనం అడగలేదు. నిజం చెప్పాలంటే, అడగాలన్న ఆలోచనే మనకు రాలేదు.

ఈశాన్య రుతుపవనాల కాలం మనకు ఏటా వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వారందరూ ఆకాశం వైపు చూస్తారు. అందుకే ఈ విషయాన్ని వాన పడ్డాక కాకుండా ముందుగానే సంఘాల ముందు ఉంచాలని అనుకుంటున్నాం.

కరువు సీమలో వరద

మనది వానల కోసం ఎదురుచూసే నేల. స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ కాలం కనబడేది ఇసుకే. కోస్తా వారికి తుపాను తరతరాలుగా తెలిసిన శత్రువు. మనకు అలా కాదు. ఏటి ఒడ్డునే ఇల్లు కట్టుకొని, ఇక్కడికి నీళ్లెక్కడ వస్తాయిలే అనుకొనే అలవాటు మనది. చెరువుల్లోనూ, వంకల మీదా కాలనీలు లేచింది కూడా ఈ ధీమాతోనే.

2021 నవంబరు మూడో వారం ఆ ధీమాను ఊడ్చేసింది. శేషాచలం కొండల మీద కురిసిన వాన తిరుపతి వీధుల్లోకి ఏరులై దిగింది. తిరుమల కనుమ దారిలో కొండచరియలు విరిగిపడ్డాయి. లోతట్టు కాలనీలు నీట మునిగాయి. స్వర్ణముఖి ఒడ్లు దాటింది. చిత్తూరులో నీవా నది పొంగింది. 19వ తేదీ తెల్లవారుజామున, అప్పటి కడప జిల్లాలో చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి ఊళ్ల మీద ఆ నీరు విరుచుకుపడి ఎందరినో బలి తీసుకుంది. ఆ తర్వాత కూడా మనకు తెరిపి లేదు. 2022 డిసెంబరులో మాండౌస్, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాన్లు మన జిల్లాలను తడిపి వెళ్లాయి.

ప్రతిసారీ నష్టం లెక్క కడతారు. ఎన్ని ఇళ్లు కూలాయి, ఎన్ని ఎకరాల పంట పోయింది, ఎన్ని పశువులు చచ్చిపోయాయి, ఎన్ని కిలోమీటర్ల రోడ్డు దెబ్బతిన్నది అని రాసుకుంటారు. ఈ లెక్కలు కావాలి, వాటిని తప్పుపట్టడం లేదు. అయితే నిద్ర పట్టని రాత్రులు ఎన్ని, మబ్బు పడితే వణికే పిల్లలు ఎందరు అన్నది ఆ పట్టికల్లో కనిపించదు. ఈ కనిపించని నష్టంలో అందరికన్నా ఎక్కువ వాటా పడేది దివ్యాంగులకూ, వారిని కంటికి రెప్పలా చూసుకునే ఇంటివారికీ.

ఒకే నీరు, వేరువేరు భయాలు

అందరికీ వచ్చింది ఒకే వరద కదా, వీరికి ప్రత్యేకం ఏముంది అని కొందరు అడుగుతారు. ఒక్కసారి వారి ఇంట్లో నిలబడి ఆలోచిద్దాం.

కాళ్లు కదలని వ్యక్తికి గడప దాటి వచ్చే నీరు కళ్లముందే కనబడుతుంది. దాని నుంచి ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేడు. ఏమీ చేయలేక చూస్తూ పడి ఉండటమే మనసును చితకగొడుతుంది. చూపు లేని వారికి ఇల్లంతా చేతి గుర్తుల్లో ఉంటుంది. నీళ్లకుండ ఎక్కడ, తలుపు గడియ ఎక్కడ, మెట్టు ఎన్ని అడుగుల్లో వస్తుంది అన్నది వారికి కంఠతా. ఒక్క రాత్రి నీరు వచ్చి సామాన్లన్నీ కదిలించి, బురద నింపి పోతే, ఆ ఇల్లు వారికి తెలియని ఊరైపోతుంది. వినికిడి లేని వారికి అర్ధరాత్రి వీధిలో తిరిగే మైకు ఎంత అరచినా ఒకటే. పక్కింటివారు వచ్చి తట్టి లేపితేనే హెచ్చరిక. ఎవరూ లేపకపోతే మంచం కిందికి నీరు వచ్చేదాకా తెలియదు. ఆ తర్వాత ప్రతి రాత్రీ లైటు వేసుకొని కూర్చుంటారంటే అందులో వింత ఏముంది?

ఆటిజం ఉన్న పిల్లవాడికి, బుద్ధి మాంద్యం ఉన్న బిడ్డకు అలవాటైన గది, అలవాటైన పళ్లెం, అలవాటైన వేళలే ఆసరా. పునరావాస కేంద్రంగా మార్చిన బడిలో వందమంది మధ్య, అరుపుల్లో, ట్యూబ్‌లైట్ల వెలుగులో ఆ బిడ్డ తల్లడిల్లిపోతాడు. చుట్టూ ఉన్నవారు విసుక్కుంటే తల్లి బిడ్డను ఎత్తుకొని మళ్లీ తడి ఇంటికే వెళ్లిపోతుంది. మూర్ఛకు మాత్రలు వాడేవారికి, మానసిక వ్యాధికి మందులు వేసుకునేవారికి ఆ మందులు నీళ్లలో కొట్టుకుపోతే పరిస్థితి ఇంకా కష్టం. మూర్ఛ మాత్రలు అర్ధాంతరంగా ఆపితే ఫిట్స్ తిరగబెట్టే ప్రమాదం ఉంది. వెన్నుపూస దెబ్బతిన్న వారు మెట్లెక్కి పోవలసిన మరుగుదొడ్డిని చూసి, అవసరం రాకుండా ఉండాలని మంచినీళ్లు తాగడమే మానేస్తారు.

వీటన్నిటికీ పైన ఒక మాట ఉంది. నా వల్లే ఇంట్లో వాళ్లు ఇరుక్కుపోయారు, నేను లేకపోతే వాళ్లు ముందే పోయి ఉండేవారు అన్న మాట. వారు దాన్ని పైకి అనరు. లోపల మాత్రం అది తిరుగుతూనే ఉంటుంది. వరద వదిలిపోయిన గాయాల్లో ఇది చాలా లోతైనది.

దాదిని ఎవరు అడిగారు?

బైబిలు చదివేవారికి మెఫీబోషెతు తెలుసు. రెండవ సమూయేలు గ్రంథం నాలుగో అధ్యాయంలో, సౌలు, యోనాతాను చనిపోయారన్న వార్త రాగానే దాది ఐదేళ్ల పిల్లవాడిని ఎత్తుకొని పరుగెత్తింది. ఆ తొందరలో పిల్లవాడు కిందపడ్డాడు, జీవితాంతం కుంటివాడయ్యాడు. తర్వాత దావీదు అతన్ని పిలిపించి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్న సంగతిని మనం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం.

మరి ఆ దాది ఏమైంది? ఆమె పేరు కూడా లేఖనం చెప్పదు. బిడ్డను కాపాడాలనే పరుగెత్తింది. ఆ పరుగులోనే బిడ్డ కాళ్లు పోయాయి. ఆమె ఆ తర్వాత ఎన్ని రాత్రులు నిద్రపోయిందో మనకు తెలియదు. సంరక్షకుల బాధ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఆమెను ఒక్కసారి తలచుకుంటే చాలు.

వరద వచ్చినప్పుడు చూసుకునేవారి ముందు నిలిచేది మంచీ చెడూ మధ్య ఎంపిక కాదు. రెండు చెడుల మధ్య ఎంపిక. ముందు ఎవరిని దాటించాలి, మామగారినా, పిల్లలనా? చక్రాల కుర్చీ తీసుకోవాలా, బియ్యం మూట తీసుకోవాలా? ఏది ఎంచుకున్నా మిగిలింది మనసును తొలుస్తుంది. నీరు తీశాక అందరూ ఇల్లు కడుక్కొని పనికి పోతారు. వీరు మాత్రం తడిసిన పరుపు ఆరబెట్టాలి, పాడైన చక్రాల కుర్చీ బాగుచేయించాలి, కొట్టుకుపోయిన సదరం సర్టిఫికెట్ కోసం తిరగాలి, భయపడ్డ మనిషిని రాత్రంతా ఓదార్చాలి. ఆ రోజుల్లో కూలికి పోలేరు కాబట్టి డబ్బూ ఉండదు. మన ఇళ్లలో ఈ పని ఎక్కువగా ఆడవారిదే. తల్లి, భార్య, కోడలు, అక్క. చాలా చోట్ల వారే వయసు మీద పడ్డ తల్లిదండ్రులు. మేము పోయాక వీడికి దిక్కెవరన్న దిగులు వారికి ముందే ఉంది. వరద దానికి ఇంకో బరువు కలుపుతుంది.

ఇది మన ఊహ కాదు

వరద మనసు మీద వదిలే గుర్తులను ఇతర దేశాల్లో లెక్కకట్టి చూశారు. ఇంగ్లండులో 2013-14 చలికాలంలో వచ్చిన వరదల తర్వాత ఏడాదికి జరిపిన అధ్యయనంలో, ఇంట్లోకి నీరు వచ్చినవారిలో సుమారు 36 శాతం మందికి ఆ సంఘటన పదేపదే వెంటాడే లక్షణాలు కనిపించాయి. 28 శాతం మందిలో ఆందోళన, 20 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు ఉన్నాయి. వరద తాకని వారిలో ఈ మూడూ 6 నుంచి 8 శాతం దగ్గరే ఉన్నాయి. ఇంట్లోకి నీరు రాకపోయినా వరద వల్ల జీవితం తారుమారైన వారిలో కూడా 15 శాతం మందిని ఆ భయం వెంటాడింది. అంటే రాయలచెరువు దిగువ పల్లెల వంటి చోట్ల, వరద రాలేదు కదా అని పక్కన పెట్టడానికి వీల్లేదు. ముందస్తు హెచ్చరిక లేకుండా ఇల్లు వదలవలసి వచ్చినవారి స్థితి, హెచ్చరిక అందినవారి కన్నా అధ్వానంగా ఉందని కూడా ఆ అధ్యయనం చెప్పింది.

2017లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగంలో నదులు పొంగాయి. ఆరు నెలల తర్వాత అక్కడ జరిపిన సర్వేలో దివ్యాంగుల ఇళ్లు, వారిని చూసుకునేవారి ఇళ్లు ఇతరుల ఇళ్ల కన్నా ఎక్కువగా మునిగాయని, వారి మనసుకు తగిలిన దెబ్బ కూడా ఎక్కువేనని తేలింది. కారణం ఊహించలేనిది కాదు. ఆదాయం తక్కువ ఉన్నవారు అద్దె తక్కువ ఉన్న చోట ఉంటారు. అద్దె తక్కువ ఉన్న చోటు పల్లంలో ఉంటుంది. తిరుపతిలోనైనా అంతే, చిత్తూరులోనైనా అంతే.

ఐక్యరాజ్యసమితి 2013లో అనేక దేశాల దివ్యాంగులను అడిగినప్పుడు, ఆపద వస్తే ఏ ఇబ్బందీ లేకుండా వెంటనే బయటపడగలమని చెప్పినవారు 20 శాతం మందే. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో దివ్యాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే సమస్య ఎంత పెద్దదో అర్థమవుతుంది.

చట్టం ఉంది, జాబితా ఎక్కడ?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులోని 8వ సెక్షన్ ప్రకృతి వైపరీత్యాల గురించే. ఆపద సమయంలో దివ్యాంగులకు ఇతరులతో సమానమైన రక్షణ ఉండాలని అది చెబుతుంది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలోని దివ్యాంగుల వివరాలను నమోదు చేసి ఉంచాలని, ప్రమాదం గురించి వారికి తెలియజేసే ఏర్పాటు చేయాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఆ సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే. 2019లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దీనిపై ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

మన రాష్ట్రంలో ఈ పని అసాధ్యమేమీ కాదు. ప్రతి నెలా పింఛను ఇచ్చే సిబ్బందికి ఏ వీధిలో, ఏ ఇంట్లో, ఏ మంచం మీద ఎవరున్నారో తెలుసు. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది, పూర్తిగా మంచానికి పరిమితమైన వారికి 15,000 అయింది. డబ్బు అందించడానికి గడప దాకా వెళ్లగలిగిన వ్యవస్థ, నీరు వస్తోందన్న కబురును కూడా అదే గడప దాకా తీసుకెళ్లగలదు. కావలసిందల్లా పింఛను జాబితాలో ఉన్నవారి పేర్లు వరద రోజున సహాయ బృందాల చేతిలో ఉండటం, ఎవరింటికి ఎవరు వెళ్లాలో ముందే రాసి ఉండటం. మీ సచివాలయానికి వెళ్లి, మా వార్డులో అలాంటి జాబితా ఉందా అని అడగండి. అడగడం తప్పు కాదు, అది పౌరుల బాధ్యత.

సంఘం తనను తాను అడగవలసినవి

ప్రభుత్వాన్ని అడిగే ముందు మనల్ని మనం అడుగుకుందాం. వరద తర్వాతి ఆదివారం మన ఆరాధనల్లో సాక్ష్యాలు వింటాం. పక్క వీధి దాకా నీళ్లు వచ్చినా దేవుడు మా ఇంటిని తాకనివ్వలేదని ఒకరు చెబుతారు. ఆ కృతజ్ఞత నిజమైనదే. కానీ అదే పక్క వీధిలో ఇల్లు మునిగిన కుటుంబం వెనక బెంచీలో కూర్చొని ఉంటుంది. దేవుడు వారిని కాపాడలేదనా ఆ సాక్ష్యానికి అర్థం? ఒక్క క్షణం ఆగి మాట్లాడితే ఆ గాయం తప్పుతుంది.

అలాగే, భయపడేవారిని విశ్వాసం తక్కువని మందలించడం మానుకోవాలి. ఏలీయా ప్రాణం విసిగి ఎడారిలో చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత మొదట ప్రసంగం చేయలేదు. తినడానికి రొట్టె, తాగడానికి నీళ్లు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు. ఓదార్పుకు అంతకన్నా మంచి పద్ధతి లేదు. తిండి, నిద్ర, తోడుగా ఒక మనిషి. ఆ తర్వాతే మాటలు.

ఇక చేయగలిగినవి. సెప్టెంబరు ముగిసేలోగా ప్రతి సంఘం తన సభ్యుల్లో, వీలైతే ఆ వీధిలో, మతం చూడకుండా, ఒంటరిగా బయటపడలేని వారు ఎవరో వారి అనుమతితో రాసిపెట్టుకోవాలి. ఒక్కొక్కరికి ఇద్దరు యౌవనస్థులను, ఒక పక్కింటివారిని కేటాయించాలి. వానాకాలానికి ముందే ఒకసారి వెళ్లి, ఎలా ఎత్తాలి, ఎటు మోసుకెళ్లాలి అన్నది ఆ వ్యక్తినే అడిగి నేర్చుకోవాలి. తన శరీరం సంగతి తనకే బాగా తెలుసు. డాక్టరును అడిగి రెండు వారాల మందులు, చీటీ, సదరం సర్టిఫికెట్, ఆధార్ నకళ్లు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టించాలి. ఎత్తయిన చోట చర్చి ఉంటే దానికి వాలుదారి ఉందా, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉందా అని చూసుకోవాలి. ఆటిజం ఉన్న పిల్లలకోసం పాస్టరు గదినో, సండే స్కూలు గదినో ప్రశాంతంగా ఉంచవచ్చు.

నీరు తీశాక మన పని ఆగిపోకూడదు. బియ్యం, దుప్పట్లు మొదటి వారంలో అందరూ ఇస్తారు. నాలుగో వారంలో తలుపు తట్టేవారే ఉండరు. స్త్రీల సమాజం వారు వారానికి ఒక్క పూట ఆ ఇంట్లో కూర్చుంటే, ఆ తల్లి నిద్రపోతుంది, లేదా ఊరికే బయటికి వెళ్లి వస్తుంది. రోగి ఎలా ఉన్నాడని అడిగాక, నువ్వెలా ఉన్నావమ్మా అని రెండో ప్రశ్న కూడా అడగాలి. నెల దాటినా నిద్ర పట్టకపోతే, వాన చప్పుడుకు వణుకుతుంటే, తిండి మానేస్తే, బతకడం ఎందుకన్న మాట నోట వస్తే, ప్రార్థనతో పాటు వైద్యం కూడా కావాలి. చావు మాట వస్తే నెలదాకా ఆగవద్దు, ఆ రోజే కదలాలి. టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రోజంతా తెలుగులో మాట్లాడవచ్చు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు.

బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా పడి ఉన్న మనిషి యేసుతో చెప్పుకున్నది తన రోగం గురించి కాదు. నీళ్లు కదిలినప్పుడు తనను మోసే మనిషే లేడని చెప్పుకున్నాడు. మన ఊళ్లలో కూడా నీళ్లు మళ్లీ కదులుతాయి. ఆ రోజున మన వీధిలో ఎవరూ ఆ మాట అనవలసిన అవసరం రాకూడదు. ఆ పేర్లు రాసుకోవడం ఈ ఆదివారమే మొదలుపెడదాం.